అల్మారా వెనక గీత

రాయగడ శివార్లలో నాగావళి ఒడ్డున ఉన్న ఈ ఇంటిని చూడటానికి మొదటిసారి వచ్చినప్పుడు ఒక సంగతి నా కంటపడింది. కింది వాటాలో కరెంటు ప్లగ్గులన్నీ నా భుజాల ఎత్తులో ఉన్నాయి. టీవీ పెట్టుకునే చోటా అంతే, మంచం పక్కనా అంతే, వంటింట్లో ఫ్రిజ్ కోసం వదిలిన మూలలోనూ అంతే. చిన్న పిల్లల చేతికి అందకుండా అలా పెట్టించి ఉంటారనుకున్నాను. అప్పటికే నా మనసు వరండా వైపు పోయింది. వరండాలో నిలబడితే ఎదురుగా ఏరు, ఏటి నడుమ నల్లటి బండరాళ్లు, అవతల వరసగా కొండలు. మాది శ్రీకాకుళం. అదే నాగావళి మా ఊరి మధ్యలోంచి వెళ్తుంది. కలహండి కొండల్లో పుట్టి, రాయగడ దాటి, పార్వతీపురం మన్యం మీదుగా మా పుట్టింటికి చేరే నది ఇక్కడ మా గుమ్మం ముందు పారుతోందంటే ఇంకేమీ అడగాలనిపించలేదు. అద్దె నెలకు 11,000. ఊరి లోపల ఇంత ఇల్లు 7,500కు దొరుకుతుంది. ఆ 3,500 నదికి కడుతున్నానని తెలిసే ఒప్పుకున్నాను.

నాలుగు నెలల తర్వాత పాప చెవి రింగు అల్మారా వెనక పడిపోయింది. అల్మారా మాది కాదు, ఇంటితోపాటు ఇచ్చినది. ఇద్దరం కలిసి పక్కకు జరిపాం. దాని వెనక గోడకు కొత్త రంగు వేయలేదు. నా నడుము ఎత్తున, గోడ ఈ చివర నుంచి ఆ చివరిదాకా, టీ గ్లాసు అడుగు మరకలాగా గోధుమరంగు గీత ఒకటి ఉంది. దానికి పైన గోడ నున్నగా ఉంది. కింద సున్నం పొక్కులు లేచి ఉంది. ఒక పొక్కును గోటితో గీరితే సన్నటి ఇసుక రాలి అరచేతిలో పడింది. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశాను. ఎండలో తళుక్కుమంది. ఏటి ఇసుకే.

ప్లగ్గులు అంత ఎత్తున ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

పక్కింట్లో ఒక ఒడియా పెద్దావిడ ఉంటారు. వీధిలో అందరం ఆమెను మౌసీ అనే పిలుస్తాం. ఆమెను అడిగితే దాచలేదు. "మా పెద్ద మనవడు పుట్టిన ఏడు వచ్చిందమ్మా. రాత్రి పూట వచ్చింది, తెల్లారేసరికి పోయింది. మీ వాటాలో అప్పుడున్నవాళ్ల బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి" అన్నారు, తెలుగూ ఒడియా కలిపి. ఆ కుటుంబం తర్వాత నెల ఖాళీ చేసిందట. వాళ్ల తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు, ఇప్పుడు మేము.

అప్పటి నుంచి ఈ విషయమే నా మనసులో తిరుగుతోంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నది కనిపిస్తుందని అద్దె పెంచి తీసుకునే యజమాని, నది ఇంట్లోకి ఎంత ఎత్తున వచ్చిందో కూడా చెప్పాలి. వచ్చినవాళ్లు అడిగినా అడగకపోయినా చెప్పాలి. నోటితో చెప్పి ఊరుకోకుండా అద్దె కాగితంలో రాయాలి.

రాయగడ ఈ ముప్పై ఏళ్లలో ఎలా పెరిగిందో ఇక్కడున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. 1936 దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు కోరాపుట్‌లో చేరింది, 1992 అక్టోబరు 2న విడి జిల్లా అయింది. విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలుదారి 1931లో పూర్తయినప్పటి నుంచి రైల్వే పనుల మీద వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎన్నో. మా ఇంటి యజమాని కుటుంబమూ అలాంటిదే, మూడో తరం. జేకేపూర్‌లో కాగితం మిల్లు 1962 నుంచి ఉంది. తెరువలిలో ఫెర్రో అల్లాయ్స్, టికిరి వైపు అల్యూమినా కర్మాగారాలు. ఇప్పుడు రాయగడ రైల్వే డివిజన్ కూడా. దాని కార్యాలయ భవనానికి 2025 జనవరి 6న శంకుస్థాపన జరిగింది. ఆ రోజు నుంచి మా కాలనీలో అద్దెల మాట వినపడని సాయంత్రం లేదు. "ఘర భడా దియాజిబ" అని ఒడియాలోనూ, కింద "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని తెలుగులోనూ రాసిన అట్టముక్క గేటుకు కట్టిన మూడో రోజే మాయమవుతుంది.

ఆ ఇళ్లలోకి వచ్చేదంతా బదిలీల మీద తిరిగేవాళ్లు. రైల్వేవాళ్లు, మిల్లు ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ లెక్చరర్లు. రెండేళ్లో మూడేళ్లో ఉండి వెళ్లిపోతారు. వాళ్ల తర్వాత వచ్చేవాళ్లకు ఏమీ తెలియదు. యజమాని జ్ఞాపకంలో వరద ఉంటుంది, అద్దెకున్నవాళ్ల జ్ఞాపకంలో ఉండదు. సొంత ఇల్లున్నవాడు ఒకసారి మునిగితే జన్మంతా గుర్తుంచుకుంటాడు, ప్లగ్గులు పైకి పెట్టిస్తాడు, తాను మేడ మీదికి మారతాడు. కింది వాటా అద్దెకిస్తాడు. మా వీధిలో నది వైపు ఉన్న తొమ్మిది మేడల్లో ఏడింటికి కింది వాటాల్లో అద్దెవాళ్లే ఉన్నారు. నేనే నడిచి లెక్కపెట్టాను. నది అందం ఇద్దరికీ, నది నీళ్లు మాత్రం కిందివాళ్లకు. ఇది ఎవరూ కుట్ర పన్ని చేసింది కాదు. ఒక్కొక్కరు తమ ఇల్లు తాము చక్కబెట్టుకుంటూ వచ్చారు, చివరికి వీధంతా ఇలా తయారైంది. అయినా దాని బరువు మోసేది ఏమీ తెలియని మనిషే.

శ్రీకాకుళంలో పెరిగిన నాకు ఏటి వరద కొత్త కాదు. కానీ అక్కడికీ ఇక్కడికీ తేడా ఉంది. మా ఊరు చేరేసరికి నాగావళి చాలా దూరం నడిచి వస్తుంది. పైన తోటపల్లి బ్యారేజీ ఉంది, అక్కడ గేట్లెత్తితే కింది ఊళ్లకు చెబుతారు, దండోరా వేస్తారు. సామాను అటక మీదికి ఎక్కించేందుకు పూట వ్యవధి ఉంటుంది. రాయగడ దగ్గర ఏరు కొండల నుంచి అప్పుడే దిగిన ఏరు. థువామూల్ రాంపూర్ వైపు, కల్యాణసింగ్‌పూర్ వైపు కొండల్లో కుండపోత పడితే ఆ నీరంతా గెడ్డల్లోంచి గంటల్లో వచ్చి మీద పడుతుంది. ఇక్కడ ఒక్క చినుకు పడకపోయినా వస్తుంది. 2017 జూలైలో అలాంటి ఆకస్మిక వరదకే తెరువలి, సింగాపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. రైళ్లను మోసే వంతెన నిలవని చోట ఇటుక గోడల వాటా గురించి చెప్పేదేముంది?

వచ్చినంత వేగంగా పోవడం వల్ల ఇంకో నష్టమూ ఉంది. 2022-26 కాలానికి పెట్టిన విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం బట్టలకూ వంటసామానుకూ కుటుంబానికి చెరో 2,500 రూపాయలు ఇస్తారు. అయితే ఇల్లు కొట్టుకుపోవాలి, లేదా పూర్తిగా దెబ్బతినాలి, లేదా రెండు రోజులకు మించి నీట మునిగి ఉండాలి. మా ఏరు ఆరు గంటల్లో వచ్చి పోతుంది. గోడకు ఏమీ కాదు, కాబట్టి యజమానికి నష్టం లేదు. పరుపు, ఫ్రిజ్, సర్టిఫికెట్లు, ఏడాదికి సరిపడా కందిపప్పు పోయిన కుటుంబం ఏ లెక్కలోకీ రాదు.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి సంగతి చెబుతాను. ఆ రాత్రి పెద్ద ప్రమాదమేమీ జరగలేదు, ఏ పత్రికలోనూ రాలేదు. పదిన్నరకు మేము పడుకున్నాం. రెండు దాటాక నీళ్ల చప్పుడుకు మెలకువ వచ్చింది. రోజూ వినే ఏటి చప్పుడు కాదు, దగ్గరగా, గోడ అవతలే ఎవరో బిందెలు కడుగుతున్నట్టుగా ఉంది. టార్చి వేసి తలుపు తీస్తే మెట్లు నాలుగింటిలో రెండు కనబడలేదు. మూడో మెట్టు అంచున నీళ్లు ఆడుతున్నాయి. పాప చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు తేలుతున్నాయి. మా ఆయన స్కూటరు సీటు దాకా నీళ్లలో ఉంది. దాని పక్కన ఎప్పుడూ ఉండే పైవాళ్ల రెండు స్కూటర్లు లేవు.

అవి రాత్రి పదకొండు గంటలకే పెద్ద రోడ్డు మీదికి వెళ్లాయి. కల్యాణసింగ్‌పూర్ దగ్గరున్న బంధువు ఒకరు ఏరు పెరుగుతోందని ఫోన్ చేస్తే, కాలనీ సంఘం ఫోను గ్రూపులో ఎవరో పెట్టారు. ఆ గ్రూపులో సొంత ఇళ్లవాళ్లే ఉంటారు. మా వీధిలో కింది వాటాల్లో ఉన్న ఏడు కుటుంబాలకూ ఆ కబురు చేరలేదు. నీళ్లు మూడో మెట్టు దగ్గరే ఆగి, నాలుగింటికి తీయడం మొదలుపెట్టాయి. తెల్లారాక పిన్నిగారు, అంటే యజమాని భార్య, కాఫీ ఫ్లాస్కు పట్టుకుని కిందికి వచ్చి, "లేపుదామనుకున్నానమ్మా, ఇంతదూరం రాదులే, ఎందుకు భయపెట్టడం అన్నారు ఈయన" అన్నారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కాఫీ తాగాను. వాళ్లు చెడ్డవాళ్లు కారు. పాపకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్న మనుషులు. కానీ ఆ రాత్రి వాళ్లకు తమ స్కూటర్లు గుర్తొచ్చాయి. కింద నిద్రపోతున్న మేము గుర్తొచ్చీ, లేపలేదు. మంచితనం మీద ఆధారపడే ఏర్పాటు సరిగ్గా కావలసిన రాత్రే చేయి వదిలేస్తుందని నాకు తెలిసింది. అందుకే కాగితం అడుగుతున్నాను.

కాగితమంటే కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. ఇంటిని ఏ అవసరానికి ఇస్తున్నారో ఆ అవసరానికి అడ్డొచ్చే ముఖ్యమైన లోపం యజమానికి తెలిసి, వచ్చేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూస్తే కనిపెట్టలేనిదైతే, యజమాని దాన్ని చెప్పి తీరాలని అందులో మొదటి మాటే అది. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే ఇది వర్తిస్తుంది. అల్మారాతో కప్పి, మిగతా గోడలకు పుట్టీ పెట్టి రంగు వేసిన గీతను ఏ మామూలు జాగ్రత్త కనిపెడుతుంది? అదే సెక్షన్‌లో ఇంకో మాటా ఉంది. అగ్నివల్లో, గాలివానవల్లో, వరదవల్లో ఇంట్లో ముఖ్యభాగం పూర్తిగా నాశనమైనా, ఇక ఎప్పటికీ ఉండటానికి పనికిరాకుండా పోయినా, అద్దె ఒప్పందాన్ని రద్దు చేసుకునే అవకాశం అద్దెకున్నవాడిదే. వరద అనే మాట చట్టంలోనే ఉంది. నూట నలభై ఏళ్లకు పైగా ఉంది. ఈ వీధిలో రాసుకునే పదకొండు నెలల కాగితాల్లో మాత్రం నేను చూసినంతలో ఎక్కడా లేదు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు. స్టాంపు కాగితాలమ్మే దుకాణంలో టైపు చేసి ఉంచిన నమూనా తీసి పేర్లు మారుస్తారు. మేకులు కొట్టరాదు, మాంసం వండరాదు, పదో తేదీలోగా అద్దె కట్టాలి. నది ఊసే ఉండదు.

ఇక ప్రభుత్వం చేయవలసింది వేరే ఉంది. వరద ముంచే నేలను గుర్తించి అక్కడ ఏం కట్టవచ్చో ఏం కట్టకూడదో తేల్చే నమూనా బిల్లును కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు పంపింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్, అప్పటి జమ్మూ కశ్మీర్ చట్టం చేసుకున్నాయి. ఆ వరసలో ఒడిశా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. ఏరు పారే ఈ రెండు రాష్ట్రాలూ ఆ పని చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కానీ అది జరిగేలోపు ఇంకెన్ని కుటుంబాలు ఈ కింది వాటాల్లోకి వచ్చి పోతాయో!

నేను ఈ మాట ఎత్తినప్పుడల్లా ఎదురయ్యే జవాబులు రెండు. గీత సంగతి చెబితే ఇల్లు ఎవరూ తీసుకోరు, తీసుకున్నా అద్దె తగ్గించమంటారు అనేది ఒకటి. తగ్గించమనే అడగాలి. 11,000 అద్దెలో నది చూపుకు కట్టేది ఉన్నప్పుడు, నది రాకకు తగ్గేది కూడా ఉండాలి. లాభం లెక్కలో నదిని కలిపి, నష్టం లెక్కలో వదిలేయడం వ్యాపారం కూడా కాదు. అయినా ఇల్లు ఖాళీగా ఉండిపోతుందని నేను నమ్మను. నడుము ఎత్తు నీళ్లు వచ్చాయని తెలిసినా నేను ఈ ఇల్లు తీసుకునేదాన్నేమో. కానీ అల్మారాను ఇటుకల మీద నిలబెట్టేదాన్ని, సర్టిఫికెట్లు పైఅరలో పెట్టేదాన్ని, జూన్ నుంచి అక్టోబరు దాకా పప్పులు నెలకు సరిపడానే కొనేదాన్ని, సామానుకు బీమా చేయించేదాన్ని. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ అమ్మవలసిన భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమాలో వరద నష్టం కూడా కలిసి ఉంటుంది, అద్దెకున్నవాళ్లు ఇంటికి కాకుండా సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. ఈ సంగతి మా వీధిలో ఒక్కరికీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఉందనే వాళ్లకు ఎవరూ చెప్పలేదు మరి.

రెండో జవాబు నన్ను ఎక్కువ బాధపెట్టింది. "అంత భయమైతే ఏటి ఒడ్డున ఎందుకమ్మా, ఊళ్లోకి పోవచ్చుగా" అని. సంఘం పెద్ద ఒకాయన మెత్తగానే అన్నారు. అంటే నది ఒడ్డున ఉండే హక్కు సొంత ఇల్లున్నవాళ్లకేనా? అద్దెకున్నవాళ్లు ఉంటే నోరు మూసుకుని ఉండాలి, లేదా వెళ్లిపోవాలా?

ఆయనకు నేను కార్తీకమాసం సంగతి చెప్పాను. మా వీధి చివర ఏటిలోకి దిగే పది మెట్లున్నాయి. కార్తీక పౌర్ణమి నాడు తెల్లవారుజామున ఒడియా ఇళ్ల ఆడవాళ్లు అరటిదొప్పలతో, రంగుకాగితాలతో చేసిన చిన్న పడవల్లో దీపం పెట్టి ఆ మెట్ల మీద నుంచి ఏటిలో వదులుతారు. బొయితొ బందాణ అంటారు. పూర్వం సముద్రాలు దాటిన కళింగ వర్తకుల గుర్తు అది. పక్షం రోజులు దాటాక, అమావాస్య వెళ్లిన పాడ్యమి తెల్లవారుజామున, అవే మెట్ల మీద తెలుగు ఆడవాళ్లం అరటిదొప్పల్లో దీపాలు వదిలి పోలి స్వర్గానికి వెళ్లిన కథ చెప్పుకుంటాం. మౌసీ మాతోపాటు వచ్చి నిలబడతారు. ఆమె పడవ వదిలినప్పుడు నేను వెళ్తాను. చలికి వణుకుతూ, చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంటే, దీపం మొదట మన చుట్టే తిరిగి, తర్వాత ప్రవాహం అందుకుని బండరాళ్ల మధ్యలోంచి కిందికి పోతుంది. ఆ దీపం మా ఊరివైపు వెళ్తోందని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. ఆ మెట్ల మీద ఎవరూ సొంత ఇల్లా అద్దె ఇల్లా అని అడగరు. ఏటిని ప్రేమించేవాళ్లం కాబట్టే దాని గురించి నిజం చెప్పమని అడుగుతున్నాం.

మా పదకొండు నెలల కాగితం ఈ నెలతో పూర్తయింది. కొత్తది రాసుకునే ముందు పైకి వెళ్లి నా కోరికలు చెప్పాను. గోడ మీద నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో, ఎప్పుడు వచ్చాయో కాగితంలో ఒక వాక్యం ఉండాలి. ఏరు పెరుగుతోందని కబురొస్తే ఏ వేళైనా కిందివాళ్లను లేపాలి, సంఘం గ్రూపులో మా నంబర్లు కూడా చేర్చాలి. నీళ్లు నిండి ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే ఆ రోజులకు అద్దె ఉండకూడదు. గేటు స్తంభం మీద ఆ ఎత్తున ఒక గీత గీయించాలి, ఖర్చు నాది. మాస్టారు, ఆయన రిటైరైన బడి పంతులు, కాగితం రెండుసార్లు చదివారు. చాలాసేపు మాట్లాడలేదు. "మా నాన్న కట్టిన ఇల్లమ్మా ఇది. మునిగే ఇల్లని రాసి సంతకం పెట్టమంటున్నావు" అన్నారు. నాకు జవాబు తోచలేదు. లోపల నుంచి పిన్నిగారు, "పెట్టండి. ఆ రాత్రి నేను లేపుతానంటే వద్దన్నారు, ఇదైనా చేయండి" అన్నారు.

సంతకం పెట్టారు. గీతకు మాత్రం ఒక షరతు పెట్టారు. గేటు స్తంభానికి బయటివైపు వద్దు, దారిన పోయేవాళ్లందరికీ కనపడుతుంది, లోపలివైపు గీయించుకో అన్నారు. ఇంకా వాదించవచ్చు, కానీ ఆయన ముఖం చూశాక వాదించలేదు. ఆదివారం రంగులు వేసే అబ్బాయి వచ్చాడు. గోడ గీత దగ్గర టేపు పట్టి, నీళ్లగొట్టంతో మట్టం చూసుకుంటూ ఆ ఎత్తును స్తంభం దాకా తెచ్చి, లోపలివైపు నీలిరంగు గీత గీశాడు. పక్కన ఏ సంవత్సరం వేయాలని అడిగాడు. మౌసీని పిలిచాం. ఆమె మనవడి వయసు వేళ్ల మీద లెక్కపెట్టి సంవత్సరం చెప్పారు.

వెనక వాటాలోకి వచ్చే నెల కొత్త కుటుంబం వస్తోంది. బరంపురం నుంచి బదిలీ మీద వస్తున్నారట, ఇద్దరు పిల్లలు. వాళ్లు సామాను దించే రోజు నేను ఇంట్లోనే ఉంటాను. గేటు తీసి ముందు స్తంభం లోపలివైపు చూపిస్తాను, తర్వాత నది చూపిస్తాను.